తిన్నదంతా చెట్టుకు ఒంటబడుతుందా?

అడవిలో అక్కడక్కడా వలబుట్టలు కట్టి, వాటిలోకి రాలిన పురుగుల రెట్టను ఏరి, ఎండబెట్టి, తూకం వేసి రాసుకోవడం. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆస్ట్రేలియాలో సిడ్నీ శివార్లలోని రిచ్‌మండ్ దగ్గర ఒక యూకలిప్టస్ అడవిలో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఈ పని కూడా చేశారు. ఆకు తిన్న పురుగు ఎంత కర్బనాన్ని కిందికి వదిలిందో తేలకపోతే, అడవి జమాఖర్చుల పుస్తకంలో అక్కడో చిల్లు మిగిలిపోతుంది మరి.

ఇంత చిల్లర లెక్క ఎందుకంటే, వాళ్లు తేల్చాలనుకున్న ప్రశ్న పెద్దది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది. (మా చిన్నప్పటి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. పేరులోనే బొగ్గు ఉందని తెలిసేది.) పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో అది 10 లక్షల పాళ్లకు 280 పాళ్లు. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండమీద కొలవడం మొదలుపెట్టేనాటికి 315. ఇప్పుడు 420 దాటింది. "చెట్టుకు తిండే అదైనప్పుడు, ఎంత ఎక్కువైతే అంత బాగా పెరుగుతాయి, కర్బనమంతా అవే దాచేస్తాయి, మనకెందుకు టెన్షన్?" అనే వీడియో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా తిరుగుతుంది. పెట్టేది మా బాబాయే. అందులో సగం నిజం ఉంది కాబట్టే ఆయనతో వాదించడం కష్టం.

ముందు ఆ సగం సంగతి. ఆకులో గాలి నుంచి కర్బనాన్ని పట్టుకునే ఎంజైము పేరు రూబిస్కో. దానికి ఒక పాత బలహీనత ఉంది: కార్బన్ డయాక్సైడ్ బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ తప్పు దిద్దుకోవడానికి ఆకు తన శక్తినే ఖర్చు పెట్టుకోవాలి, చేతిలో ఉన్న కర్బనం కూడా కొంత పోతుంది. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే ఈ పొరపాట్లు తగ్గుతాయి. వరి, వేప, మామిడి, టేకు అన్నిటికీ ఇది లాభమే. జొన్న, మొక్కజొన్న, చెరకు ఈ ఇబ్బందిని తప్పించుకునే ఏర్పాటు ముందే చేసుకున్నాయి కాబట్టి వాటికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండో లాభం నీటిది. కావలసిన వాయువు సులువుగా దొరుకుతుంటే ఆకు తన రంధ్రాలను అంతగా తెరవక్కర్లేదు, నీళ్లు మిగులుతాయి. నెదర్లాండ్స్‌లో గాజు ఇళ్లలో టమాటా పండించేవాళ్లు కావాలనే లోపలికి కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, దిగుబడి పెరుగుతుంది.

అయితే ఆ టమాటా మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ కొలిచి గొట్టంలో పంపిస్తారు. అడవికి డీఏపీ బస్తా ఎవరు వేస్తారు?

రిచ్‌మండ్ అడవికి వద్దాం. అక్కడ 2012లో ప్రయోగం మొదలైంది. సహజంగా పెరిగిన ముదురు చెట్ల మధ్య 25 మీటర్ల వెడల్పున ఆరు వలయాలు కట్టారు. వలయం చుట్టూ 28 మీటర్ల ఎత్తున గొట్టాలు నిలబెట్టారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, కంప్యూటర్ ఆ వైపు గొట్టాల నుంచి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పైకప్పు లేదు, గోడల్లేవు. వాన, ఎండ, పక్షులు, పురుగులు అన్నీ మామూలే. మూడు వలయాల్లో ఆ వాయువు బయటికంటే 150 పాళ్లు ఎక్కువ. మిగతా మూడింటికీ అవే గొట్టాలు, కానీ వదిలేది మామూలు గాలి. పోల్చి చూడాలంటే అది ఉండాలి.

ఆ తర్వాత లెక్కలు. ఆకు ఎంత పీల్చింది, మాను ఎంత లావెక్కింది, ఎన్ని ఆకులు రాలాయి, వేరు ఎంత పెరిగింది, పురుగు ఎంత తింది, నేల ఎంత ఊపిరి వదిలింది. నేల ఊపిరి అన్నది కవిత్వం కాదు. మట్టిలోని వేళ్లు, సూక్ష్మజీవులు రాత్రీ పగలూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. నేలమీద గుండ్రటి పట్టీ బిగించి, దానిమీద డబ్బా మూసి, లోపల ఆ వాయువు ఎంత వేగంగా పోగవుతోందో చూస్తే ఆ లెక్క తెలిసిపోతుంది.

మొదటి నాలుగేళ్ల జమాఖర్చులు 2020లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చాయి. అదనపు వాయువు అందిన వలయాల్లో అడవి 12 శాతం ఎక్కువ కర్బనం పీల్చింది. అంటే చదరపు మీటరుకు ఏడాదికి దాదాపు పావుకిలో అదనం. అదంతా మానులో చేరిందా అంటే, చేరినట్టు కనబడలేదు. మట్టిలోనూ నిల్వ పెరగలేదు. అదనంగా పీల్చినదాంట్లో సగం నేల ఊపిరిగానే తిరిగి గాలిలో కలిసింది, మిగతాది కూడా ఇతర దారుల్లో అలాగే పోయింది. మన ఇళ్లలో ఎంత తిన్నా బక్కగానే ఉండే పిల్లల్ని చూసి "తిన్నది ఒంటబట్టడం లేదు" అంటాం చూడండి, అచ్చం అదే.

ఎందుకు ఒంటబట్టలేదు? అక్కడి మట్టి చాలా పాతది, భాస్వరం బాగా తక్కువ. దగ్గర్లోనే కొన్ని చెట్లకు భాస్వరం ఎరువు వేసి చూస్తే వాటి మానులు చక్కగా లావెక్కాయి. కొరత ఎక్కడుందో అలా బయటపడింది. 2024లో అదే బృందం ఇంకో ముడి విప్పింది: చెట్లు వేళ్ల ద్వారా మట్టిలోకి చక్కెరలు పంపినా, అక్కడున్న భాస్వరాన్ని సూక్ష్మజీవులు గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నాయి. చెట్టుకు దక్కేది కొంచెమే.

ఎరువుల సంగతి తెలిసిన రైతుకు ఇది కొత్త కాదు. యూరియా ఒక్కటే దండిగా వేస్తే వరి ముదురు పచ్చగా, ఏపుగా లేస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. గాలివాన వస్తే పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. ఒక్క పోషకాన్నే పెంచితే మిగతావాటి కొరత వెంటనే బయటపడుతుంది.

ఇంత చెప్పాక, చెట్లు ఏమీ దాచవు అనేస్తే అదీ తొందరపాటే. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో దాదాపు 180 ఏళ్ల ఓక్ చెట్ల మధ్య 2017 నుంచి ఇలాంటి ప్రయోగమే నడుస్తోంది. అక్కడ ఏడేళ్ల సగటు చూస్తే కలప 10 శాతం దాకా ఎక్కువ పెరిగింది. ముసలి చెట్లలో ఆ చేవ ఉండదనుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. అమెరికాలో రెండు తోటల కథ ఇంకా తమాషా. టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్లు మొదట్లో 24 శాతం ఎక్కువ పెరిగి, 2008 నాటికి 9 శాతానికి దిగజారాయి. నత్రజని అయిపోయింది. నార్త్ కరోలినాలోని డ్యూక్ అడవిలో పైన్ చెట్లు మాత్రం ఏళ్ల తరబడి జోరు తగ్గించలేదు. వాటి ఉపాయం నేలలో ఉంది. మిగులు చక్కెరను వేళ్ల నుంచి మట్టిలోకి వదిలి, సూక్ష్మజీవులను మేపాయి. అవి మట్టిలోని పాత చివుకును, అంటే చివికిన ఆకులూ వేళ్లూ కలిసిన పదార్థాన్ని, కొరికి నత్రజనిని బయటికి తీశాయి. చెట్టు ఎదిగింది.

నిల్వ గురించి అడిగేవాళ్లు ఆగి చూడాల్సింది ఇక్కడే. పాత చివుకును కొరికితే నత్రజనితో పాటు అందులో ఎన్నో ఏళ్లుగా దాగిన కర్బనం కూడా గాలిలోకి పోతుంది. అంటే మానులో పెరిగిందాంట్లో కొంత మట్టి పాత డిపాజిట్ నుంచి తీసిందే. 2021లో ఇలాంటి 108 ప్రయోగాలను కలిపి చూసినవాళ్లకు ఇదే కనబడింది. అడవుల్లో మొక్కల బరువు 23 శాతం పెరిగింది, మట్టిలో కర్బనం పెరగనే లేదు. గడ్డి నేలల్లో మొక్కలు 9 శాతమే పెరిగాయి, కానీ మట్టి కర్బనం 8 శాతం పెరిగింది. పైకి కనబడే పచ్చదనం చూసి లోపలి నిల్వ చెప్పలేమన్నమాట. నన్నడిగితే ఈ విషయంలో అందరికీ చెప్పాల్సిన మాట ఇదొక్కటే, ఎందుకంటే మొక్కలన్నిటిలో కలిపి ఉన్న కర్బనం కంటే మట్టిలో ఉన్నది కొన్ని రెట్లు ఎక్కువ.

మన దేశానికి ఇది బాగా వర్తిస్తుంది. 2019లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా, ప్రపంచంలో పచ్చదనం పెరుగుదలలో చైనా, భారత్ ముందున్నాయని తేలినప్పుడు మా బాబాయి మళ్లీ ఓ వీడియో పెట్టాడు. ఆ పరిశోధనలోనే ఇంకో అంకె ఉంది: భారత్‌లో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంట పొలాలది, అడవులది నాలుగు శాతం పైచిలుకు. నీళ్లూ ఎరువులూ ఇచ్చి ఏడాదికి రెండు పంటలు తీస్తే ఉపగ్రహానికి పచ్చగా కనబడక ఏమవుతుంది? ఆ వరి గింజ మనం తింటాం, గడ్డి పశువు తింటుంది, కొన్నిచోట్ల గడ్డికి నిప్పు పెడతారు. ఆరేడు నెలల్లో ఆ కర్బనంలో చాలా భాగం మళ్లీ గాలిలోనే. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అనే వరుస చూడండి. అర శాతం కంటే తక్కువైతే తక్కువ అని రాస్తారు. మన ఎర్ర నేలల్లో, చెల్కల్లో ఆ మాట మామూలే. వేడికి చివుకు త్వరగా కరిగిపోతుంది, నిలవదు.

అలాగని భూమ్మీది పచ్చదనం చేసే సాయం చిన్నదేమీ కాదు. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 30 శాతాన్ని ఏటా అడవులు, గడ్డి నేలలు తీసుకుంటున్నాయి. ఆ వాయువు పెరగడం వల్ల వచ్చిన ఎదుగుదల దానికో పెద్ద కారణం. ఒకప్పుడు నరికిన చోట అడవి మళ్లీ లేవడం, చలి దేశాల్లో ఎదిగే కాలం పొడవవడం మిగతావి. ఈ 30 శాతం ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే తేలనిది.

అమెజాన్‌లో 300కు పైగా అడవి ముక్కల్లో ఒక్కో చెట్టునూ మళ్లీ మళ్లీ కొలిచినవాళ్లు 2015లో చెప్పింది వింటే కొంచెం గుబులేస్తుంది. చెట్లు వేగంగా పెరిగాయి, కానీ చావులూ పెరిగాయి. 1990ల నాటితో పోలిస్తే తర్వాతి పదేళ్లలో అడవి నికరంగా దాచిన కర్బనం మూడో వంతు తగ్గింది. అక్కడి మట్టి కూడా రిచ్‌మండ్ మట్టిలాగే పాతది, భాస్వరం తక్కువది. బ్రెజిల్‌లో మనాస్ దగ్గర అలాంటి వలయాల ప్రయోగానికి సిద్ధమవుతూ 2019లో కంప్యూటర్ మోడళ్లతో ముందుగా లెక్కకట్టారు. భాస్వరం కొరతను కలిపేసరికి, చెట్లలో అదనంగా చేరుతుందనుకున్న కర్బనం దాదాపు సగానికి పడిపోయింది. మోడల్‌కూ మోడల్‌కూ మధ్య తేడా మాత్రం చాలా ఎక్కువ. ఏది నిజమో ఆ వలయాల లోపలి చెట్లే చెప్పాలి.