నాలుగు రోజుల విదేశీ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

విదేశీ ప్రయాణాలు ఏర్పాటు చేసే వృత్తిలో నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "వెళ్లేది నాలుగు రోజులకే కదండీ, ఇవన్నీ అవసరమా?" పాస్‌పోర్ట్ గడువు గురించి అడిగినా, బీమా తీసుకోమన్నా, మ్యూజియం టికెట్లు ముందే కొనుక్కోమన్నా ఇదే జవాబు. ప్రయాణం చిన్నదైతే నిబంధనలూ సడలుతాయన్న నమ్మకానికి ఏ ఆధారమూ లేదు. నాలుగు రోజులకైనా నలభై రోజులకైనా నిబంధన ఒకటే. చిన్న ప్రయాణంలో తగ్గేదల్లా, పొరపాటు జరిగితే సర్దుకోవడానికి మనకుండే వ్యవధి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది పాస్‌పోర్ట్ గడువు గురించిన అపోహ. తిరిగి వచ్చే నాటికి పాస్‌పోర్ట్ చెల్లుబాటులో ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. సింగపూర్, ఇండోనేషియా వంటి దేశాలు తమ దేశంలో దిగే నాటికి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ కూటమిలోని యూరప్ దేశాల లెక్క వేరు: అక్కడి నుంచి తిరుగు ప్రయాణమయ్యే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువుండాలి, పైగా ఆ పాస్‌పోర్ట్ జారీ అయి 10 ఏళ్లు దాటి ఉండకూడదు. ఈ పరిశీలన అవతలి దేశంలో దిగాకే జరుగుతుందని, అక్కడ అధికారిని బతిమాలుకోవచ్చని ఆశపడేవారూ ఉన్నారు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకువెళ్తే చాలా దేశాలు విమానయాన సంస్థకే జరిమానా వేస్తాయి. అందుకే చెకిన్ కౌంటర్‌లోని సిబ్బంది టైమాటిక్ అనే సమాచార వ్యవస్థలో ఆయా దేశాల నిబంధనలు సరిచూసి, తేడా ఉంటే బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి నిరాకరిస్తారు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య పిల్లలు కొనిచ్చిన టికెట్లతో సింగపూర్‌కు బయలుదేరారు. ఆయన పాస్‌పోర్ట్‌కు ఇబ్బంది రాలేదు, ఆయన సూట్‌కేసుకు ట్యాగ్ కూడా వేశారు. ఆమె పాస్‌పోర్ట్ దగ్గరికి వచ్చేసరికి కౌంటర్‌లోని అమ్మాయి పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి, తేదీ మీద వేలు ఆనించి పై అధికారిని పిలిచింది. గడువు నాలుగు నెలల పైచిలుకే ఉంది. ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఆయన అక్కడి నుంచే ఫోన్ చేసి, "నాలుగు రోజుల్లో వచ్చేస్తామండీ, ఒక ఉత్తరం రాసిస్తే ఒప్పుకోరా?" అని అడిగారు. ఆ గొంతులోని కంగారు వింటుంటే మనసుకు కష్టమనిపించింది కానీ, అలాంటి చోట ఏ ఉత్తరమూ పనిచేయదు. వేసిన ట్యాగ్ కత్తిరించి సూట్‌కేసు తిరిగి ఇచ్చేశారు. టికెట్ల డబ్బూ హోటల్ డబ్బూ పోయాయి. పత్రాలు సరిగా లేక ఆగిపోయిన ప్రయాణానికి బీమా పాలసీలు సాధారణంగా పరిహారం ఇవ్వవు. కాబట్టి టికెట్ కొనకముందే, ప్రయాణం చేసే ప్రతి ఒక్కరి పాస్‌పోర్ట్ తెరిచి ఆ తేదీ చూడండి, పసిపిల్లలది కూడా. చాలా దేశాల్లో పిల్లల పాస్‌పోర్ట్ గడువు పెద్దలదానికన్నా ముందే ముగుస్తుంది.

చౌకగా వస్తుందని రెండు విమానాలకు వేర్వేరుగా టికెట్లు కొని, మధ్యలో రెండు గంటలుంటే సరిపోతుందనుకోవడం మరో అపోహ. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు మిమ్మల్ని తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థదే. వేర్వేరు టికెట్లయితే రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు, అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దు కావచ్చు. సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తే ఆ దేశపు వీసా కూడా కావాల్సి రావచ్చు. అమెరికా మీదుగా వెళ్లేవారికైతే విమానం మారడానికి కూడా వీసా గానీ, వీసా మినహాయింపు దేశాలవారైతే ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి గానీ ఉండాలి.

వెళ్లినందుకు వీలైనన్ని నగరాలు చూసేయాలనడం వల్ల పోయేది డబ్బు కాదు, సమయం. ఊరు మారిన ప్రతిసారీ సర్దుకోవడం, గది ఖాళీ చేయడం, రైలు పట్టుకోవడం, కొత్త గది కోసం ఎదురుచూడడం కలిపి సగం రోజు తినేస్తాయి. నాలుగు రోజులకు ఒక్క నగరం చాలు. ఆ నగరంలోనైనా సెలవు రోజులు చూసుకోవాలి: ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం, ఇటలీలో ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు.

సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ అడిగే ఆన్‌లైన్ రాక పత్రానికి (అరైవల్ కార్డుకు) రుసుము కట్టాలన్నది వట్టి పుకారు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో అది ఉచితం, దిగే ముందు 3 రోజుల్లోపు నింపాలి. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

ఇంగ్లీషు తడుముకుంటే ఇమిగ్రేషన్‌లో వెనక్కి పంపేస్తారని విని నిద్రపట్టని పెద్దవారు నాకు చాలామంది తెలుసు, వారిని భయపెట్టిన వారి మీదే నాకు కోపం వస్తుంది. అధికారి తెలుసుకోదలచేది ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎప్పుడు వెళ్తారు అన్నవే. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ ముద్రించి చేతిసంచిలో పెట్టుకోండి, అడిగినదానికి మాత్రమే పొడిపొడి మాటల్లోనైనా నిజం చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు.