స్వయంచాలిత నౌకలు, రేవు భద్రత: అపోహలు – వాస్తవాలు

రేవు భద్రతకు సంబంధించిన చట్టాలపై సలహాలిచ్చే వృత్తిలో ఉన్నందున నాకు ఒక అభిప్రాయం తరచుగా ఎదురవుతుంది: స్వయంచాలితంగానో ఒడ్డు నుంచి నియంత్రణతోనో నడిచే నౌక నుంచి సిబ్బంది దిగిపోతే వారి బాధ్యతలు కూడా తొలగిపోతాయని. నిజానికి ఆ బాధ్యతలను ఒడ్డున ఉన్న ఎవరో ఒకరు మోయవలసిందే. ఆ వ్యక్తి ఎవరో నౌక రాకముందే రేవుకు తెలియాలి.

అపోహ: మనుషులు లేని నౌకకు ఢీకొనడాన్ని నివారించే నిబంధనలు వర్తించవు.

వాస్తవం: 1972 నాటి ఆ అంతర్జాతీయ నిబంధనలు సముద్రంపై ప్రయాణించే ప్రతి నౌకకూ వర్తిస్తాయి. చూపుతోనూ వినికిడితోనూ నిరంతరం నిఘా ఉంచాలని 5వ నియమం చెబుతుంది. కెమెరాలు, మైక్రోఫోన్లు, రాడార్ కలిసి ఆ పనిని ఎంతవరకు నెరవేర్చగలవన్నది చర్చనీయాంశమే అయినా, నిర్లక్ష్యం వల్ల కలిగే పరిణామాల నుంచి యజమానికి గానీ నౌక కెప్టెన్ అయిన మాస్టర్‌కు గానీ మినహాయింపు లేదని 2వ నియమం స్పష్టం చేస్తోంది.

అపోహ: పైలట్ (రేవులోకి నౌకకు దారి చూపే స్థానిక నిపుణుడు) వచ్చాక రేవు లోపలి భద్రత ఆయనే చూసుకుంటారు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. సాధారణంగా పైలట్ ఉన్నంత మాత్రాన మాస్టర్ బాధ్యత తొలగదు. అంతకన్నా ముందు పైలట్ క్షేమంగా నౌక ఎక్కాలి కదా! సముద్రంలో ప్రాణ భద్రతకు సంబంధించిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం ఐదవ అధ్యాయంలోని 23వ నియమం ప్రకారం, నిచ్చెన అమర్చడాన్నీ పైలట్ ఎక్కడాన్నీ బ్రిడ్జితో (నౌకను నడిపే గదితో) సంభాషించగల బాధ్యతాయుతమైన అధికారి పర్యవేక్షించాలి, ఆపైన ఆయనను సురక్షితమైన దారిలో తీసుకువెళ్లే ఏర్పాటు చేయాలి. స్వయంగా వెలిగే దీపంతో కూడిన, నీటిలో తేలే రక్షణ వలయమైన లైఫ్‌బాయ్, విసరడానికి తాడు అందుబాటులో ఉండాలి. పైలట్ కాలు జారి నీటిలో పడితే ఖాళీ డెక్ మీద నుంచి ఆ లైఫ్‌బాయ్‌ను ఎవరు విసురుతారు? దీనికి రాతపూర్వకమైన సమాధానం లేని నౌక వద్దకు పైలట్‌ను పంపకూడదు.

అపోహ: ఇలాంటి నౌకలకు తప్పనిసరి అంతర్జాతీయ నియమావళి వచ్చేవరకు రేవు చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: రేవులు సాధారణంగా తీరదేశపు సార్వభౌమాధికారం కింద ఉంటాయి కనుక, ప్రవేశానికి షరతులు విధించే అధికారం ఆ దేశానికి ఇప్పటికే ఉంది. అంతర్జాతీయ సముద్ర సంస్థ స్వయంచాలిత నౌకలపై 2021లో ముగించిన సమీక్షలో మాస్టర్ పాత్ర, రిమోట్ నియంత్రణ కేంద్రం, రిమోట్ ఆపరేటర్ హోదా పరిష్కరించవలసిన ముఖ్యాంశాలుగా తేలాయి. అవి పరిష్కారమయ్యేదాకా రేవు తన షరతుల్లోనే బాధ్యుడిని పేరుతో నిర్దేశించుకోవాలి. నార్వేలో 2022లో వాణిజ్య సేవ ప్రారంభించిన స్వయంచాలిత సరకు నౌక యారా బిర్క్‌లాండ్ కూడా మొదట సిబ్బందితోనే నడిచింది.

సైబర్ ముప్పు విషయంలో మాత్రం ఎదురుచూడవలసిన పనే లేదు. 2021 నుంచి కంపెనీలు దానిని తమ భద్రతా నిర్వహణ వ్యవస్థలో చేర్చాలని అంతర్జాతీయ సముద్ర సంస్థ 2017లోనే తీర్మానించింది.

షరతులు రాసేటప్పుడు నేను మొదట పట్టుబట్టేది నౌకకూ రిమోట్ నియంత్రణ కేంద్రానికీ మధ్య అనుసంధానం తెగిపోయే పరిస్థితి గురించే. ఎన్ని క్షణాల తర్వాత తెగినట్లు లెక్కించాలి, అప్పుడు నౌక ఆగాలా, లంగరు వేయాలా, టగ్గు (నౌకలను లాగే చిన్న పడవ) వచ్చి పట్టుకోవాలా, అంతసేపూ రేవు నియంత్రణ కేంద్రం పిలుపుకు ఎవరు బదులివ్వాలి అన్నవన్నీ నౌక రేవు కాలువలోకి ప్రవేశించక ముందే ఇరుపక్షాల సంతకాలతో ఉండాలి.