గోదారి పాయల్లో కయాకింగ్, క్యాంపింగ్: అపోహలు – వాస్తవాలు

యానాం, కోరంగి వైపు కయాకింగ్‌కి జనాన్ని తీసుకెళ్ళడం నా పని. ఫోన్ చేసేవాళ్ళ నుంచి ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: "కొండల మీద సరస్సుల్లోనే తెడ్డేశాం. ఇక్కడ నేలంతా చదును, నీళ్ళు కదలవుగా!"

కొండ సరస్సులో గాలినీ చలినీ కనిపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పాయల్లోకి ఎక్కుతుంది, రెండుసార్లు వెనక్కి తీస్తుంది. ఎక్కేది పోటు, తీసేది పాటు. ఇవాళ ఉదయం ఎనిమిదికి వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు బాగా లేస్తాయి, లాగుడూ ఎక్కువే.

మడ అడవిలో సన్న కాలువలోకి పోటు మీద హాయిగా వెళ్ళిపోతారు. ఫొటోలంటూ ఆలస్యం చేస్తే తిరిగొచ్చే దారిలో నీళ్ళుండవు, బురదే. దిగి తోసుకొద్దామంటే మోకాళ్ళ దాకా కూరుకుపోతారు. అలా ఇరుక్కుంటే దిగకండి, మళ్ళీ పోటు వచ్చేదాకా కయాక్‌లోనే కూర్చోండి. యాప్‌లో కాకినాడ పోటు టైమ్ చూసి బయల్దేరడం కూడా చాలదు. పాయ లోపలికి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. రేవులో వేటకెళ్ళేవాళ్ళని అడగండి, తిథిని బట్టి చెప్పేస్తారు. నేను ఇప్పటికీ వాళ్ళనడిగే పడవ దింపుతాను.

అపోహ: "వాన లేదు కదండీ, లంక పక్కన ఇసుక తిన్నె మీద టెంట్ వేసుకుంటాం."

గోదారి వరదకి మన ఊరి వానతో పనిలేదు. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిస్తే చాలు, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఇసుక తిన్నెలు మొదటి హెచ్చరిక దాకా ఆగవు, ముందే మునిగిపోతాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా తిన్నె మీద రాత్రి బసకి నేను ఒప్పుకోను, ఎంతిస్తామన్నా సరే. చలికాలంలో కూడా ఎండిన చెత్త గీతలా పేరుకున్న చోటు చూసి, దానికి బాగా పైన టెంట్ వేయండి. నీళ్ళు అక్కడిదాకా వచ్చిపోయాయని ఆ గీతే చెబుతుంది.

కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ మీద పడుకుంటామని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ దీవి కోరంగి అభయారణ్యం కిందికే వస్తుంది; కోరంగి 1978 నుంచి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు. పైగా ఆ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. మన లైట్లకి తాబేలు పిల్లలు సముద్రం వైపు వెళ్ళక దారి తప్పి చనిపోతాయి. దయచేసి అడగకండి.

అపోహ: "ఈత వచ్చు, లైఫ్ జాకెట్ ఎందుకు?"

తలకి దెబ్బ తగిలితే ఎంత ఈతగాడైనా ఈదలేడు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి పిల్లలున్న పడవ, కడుతున్న వంతెన పిల్లర్‌కి కొట్టుకుని బోల్తాపడింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది. ప్రవాహంలో పిల్లర్లకి దూరంగా వెళ్ళండి. జాకెట్ బకిల్స్ అన్నీ బిగించండి. ఊరికే తగిలించుకుంటే నీళ్ళలో తల మీదుగా ఊడిపోతుంది.

అపోహ: "గోదారి నీళ్ళేగా, కాచుకుని తాగుతాం."

ఎండాకాలంలో బ్యారేజీ దిగువకి మంచినీళ్ళు పెద్దగా రావు, ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. కాచితే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు. మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్లు ఇంటి దగ్గరే నింపుకుని రండి.