పుష్కరాల జనమంతా ఒకే రేవుకి ఎందుకొచ్చారు?

2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. ఆ ఉదయం రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. మళ్లీ 2027లో పుష్కరాలు. ఏర్పాట్లు అనగానే బారికేడ్లు, సీసీ కెమెరాల మాటే వినిపిస్తుంది. అవి కావాల్సిందే. కానీ ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి సముద్రందాకా పోయే గోదావరిలో ఎక్కడ మునిగినా పుణ్యం ఒకటే కదా. మరి అంత జనం ఒక్క రేవుకే ఎందుకు చేరారు? దీనికి కారణం భక్తిలో కొంతే ఉంది. ఈ డెల్టా పట్టణాలు పెరిగిన తీరులోనే ఎక్కువ ఉంది.

ఇక్కడ గుడీ బజారూ మొదటినుంచీ కలిసే పెరిగాయి. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావరకు అఖండ దీపాలకు ఇచ్చిన దానాలే. దాత యాభై గొర్రెలనో, ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక కాపరి తీసుకుని, తానూ తన సంతతీ రోజూ ఇంత నెయ్యి దీపానికి కొలుస్తామని ఒప్పుకుంటాడు. మంద కాపరి దగ్గరే పెరుగుతుంది, గుడికి నెయ్యి ఆగదు. దానం చేసినవాళ్లలో రాణులున్నారు, సేనానులున్నారు, వర్తకులున్నారు. అంటే గుడిలో వెలిగే ఒక్కో దీపం వెనుక ఒక కాపరి కుటుంబం బతుకుతెరువు ఉంది. పూలు, నూనె, కుండలు, వంట, ఆటపాటలు, ఇలా ఎన్ని పనులుంటే అన్ని వీధులు గుడి చుట్టూ వెలిశాయి.

పెనుగొండలో ఇదే బంధం ఇంకోలా సాగింది. వాసవీ కన్యకా పరమేశ్వరి పుట్టినూరుగా ఆర్యవైశ్యులు దాన్ని కొలుస్తారు. వ్యాపారానికి వాళ్లు ఏ ఊరు వెళ్తే అక్కడికి అమ్మవారూ వెళ్లింది. తెలుగునాట పాత బజార్లలో కన్యకా పరమేశ్వరి గుడి అంత తరచుగా కనిపించడం అందుకే.

రాజమహేంద్రవరం పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి రాజధాని, నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు. ఢిల్లీ సుల్తానుల సేనలు వచ్చాక వెలసిన మసీదు మెయిన్ రోడ్డులో ఇప్పటికీ ఉంది, అందులోని శాసనం 1324 నాటిది. నదిని దాటే చోటు ఎవరి చేతిలో ఉంటే డెల్టాకి దారి వాళ్లది. పాలకులు మారినా ఈ ఊరి ప్రాధాన్యం తగ్గకపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

పెద్ద మలుపు పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. ఆ పనికి ఎక్కడెక్కడి కూలీలో ఒకచోట చేరారు. 1836లోనే ఈ ప్రాంతానికి వచ్చి నరసాపురం, పాలకొల్లుల్లో స్థిరపడిన బౌడెన్, బీర్ అనే మిషనరీలకు ఈ కూలీల మధ్యే వినేవాళ్లు దొరికారు. మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకు ఈనాటికీ జీవనాధారం. ఇటు హిందువుల ఆచారం కూడా మారింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్‌ని భగీరథుడితో పోల్చే శ్లోకం ఒకటి పుట్టి, గోదావరి స్నాన సంకల్పంలోకి చేరింది. ఒక ఇంగ్లీషు ఇంజనీరుని స్నాన మంత్రంలో తలుచుకునేంత విశాలమైన మనసు మన పూర్వీకులది. నాకు అది గర్వంగా ఉంటుంది.

పట్టణం ఆచారాన్ని ఎదిరించే ధైర్యం కూడా ఇచ్చింది. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. వెంటనే వెలి వేశారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, పురోహితుల మీద ఒత్తిడి. పల్లెలో అయితే వెలి పడ్డ కుటుంబం నెల తిరిగేలోపే తల వంచాల్సి వచ్చేది. ఇక్కడ మాత్రం కాలేజీ విద్యార్థులు అండగా నిలిచారు, పెళ్లి ఊరేగింపుకి పోలీసులు కాపలా కాశారు. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారిది. కాలేజీ, పత్రిక, వర్తకుడి సొమ్ము, ఈ మూడూ పట్టణంలోనే దొరుకుతాయి.

ఆ తర్వాత రైలు. 1900లో గోదావరి మీద మొదటి రైలు వంతెన వాడకంలోకి వచ్చింది. అంతకుముందు బండి మీదో, కాలవల్లో పడవ మీదో వచ్చేవాళ్లు తమకు దగ్గరి రేవులోనే మునిగేవాళ్లు. రైలు వచ్చాక దూరప్రాంతాల జనం ఒకేచోట దిగడం మొదలైంది. గోదావరి స్టేషన్‌లో దిగితే పుష్కర ఘాట్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. దీనికితోడు 2015లో ఫలానా ఘడియలో మునగాలని టీవీలు హోరెత్తించాయి. దారి, ముహూర్తం రెండూ ఒకే మెట్ల మీద కలిశాయి.

అందుకే రేవుని వెడల్పు చేసినంత మాత్రాన సరిపోదంటాను. వశిష్ఠ పాయ మీద నరసాపురానికి రైలుంది. గౌతమి ఒడ్డున సోమేశ్వరుడు కొలువైన కోటిపల్లికి కాకినాడ నుంచి రైలు మార్గం వేసి ఉంది. కొవ్వూరు అవతలి ఒడ్డే. ప్రత్యేక రైళ్లు, బస్సులు ఈ రేవులకు నేరుగా నడపాలి. ముహూర్తం పన్నెండు రోజులూ ఉంటుందని పండితులు ముందునుంచే చెప్పాలి. వీటితోపాటే రాజమహేంద్రవరం మురుగు శుద్ధి కాకుండా నదిలో కలవకుండా చూడాలి. ఎందుకంటే జనం మునిగేది ఆ నీళ్లలోనే.