మూడో రోజే ఆపేస్తున్న మాత్ర

మా ఓపీలో వారం వారం వినే మాట ఇది: "మాత్ర పడలేదు సార్, ఆపేసినాం." ఎన్ని రోజులు వేసుకున్నారని అడిగితే మూడు, మహా అయితే నాలుగు. పాకాల నుంచి వచ్చినా, శ్రీకాళహస్తి నుంచి వచ్చినా ఇదే మాట. తాగుడు తగ్గించే మాత్రల మీద పుకార్లు చాలానే ఉన్నాయి. కానీ మనిషిని మళ్లీ సీసా దగ్గరికి పంపేది మాత్రం ఈ అపోహే: వికారం పుట్టిందంటే మాత్ర ఒంటికి పడలేదని.

పడకపోవడం వేరు, ఇది వేరు. తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ మాత్ర మొదలుపెట్టినప్పుడు కొంతమందికి కడుపులో తిప్పుతుంది, తల నొస్తుంది, కళ్లు తిరుగుతాయి, నిద్ర చెడుతుంది. ఎక్కువమందిలో వారం పది రోజులకు అవే సర్దుకుంటాయి.

తిరుమల ఘాట్‌లో ట్యాక్సీ తోలే ఒకాయన తెల్లవారుజామున టీ ఒక్కటి తాగి, పరగడుపున 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుని బండెక్కాడు. ఆ మలుపుల్లో మామూలు మనుషులకే వాంతి వస్తుంది! కళ్లు తిరగడం తగ్గేదాకా స్టీరింగ్ పట్టుకోవద్దన్నాను. కొన్ని రోజులు సగం మాత్రే, అదీ రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు మిగిలిన సగం ముక్కను క్యాలెండర్ కాగితంలో మడిచి, జేబులోంచి తీసి చూపించాడు. తిప్పడం తగ్గింది. సాయంత్రం ఒక క్వార్టర్‌తో ఆగగలుగుతున్నానని చెప్పేటప్పుడు ఆయన భార్య కళ్లు తుడుచుకుంది.

ఇంకో చిక్కుంది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వాంతులు, చెమటలు, చేతుల వణుకు వస్తాయి. ఆ నింద కూడా మాత్ర మీదే పడుతుంది. వణుకు ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా తెల్లారేదాకా ఆగకండి, 108 పిలవండి.

"ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపేయమంటారా?" అని అడిగే ఆడవాళ్లను చూస్తే కోపం రాదు, బాధేస్తుంది. వాళ్లు అడిగేది డైసల్ఫిరామ్ అనే ఇంకో మాత్ర గురించి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. నేను మెడిసిన్ చదివే రోజుల్లో మా చిన్నమ్మ ఎవరి మాటో విని సంగటిలో నూరి కలిపింది. ఆ సాయంత్రం మా చిన్నాయన అరుగు మీద కూలబడ్డాడు. ముఖం కాల్చిన ఇటుకలా ఉంది. గుండె కొట్టుకోవడం చొక్కా మీంచే కనిపించింది. బతికాడు. కానీ చాలాకాలం ఆమె చేతి ముద్ద తినలేదు. దిక్కుతోచక చేసిన పనికి ఆమె ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. కాబట్టి చాటుగా వద్దు. డైసల్ఫిరామ్ అంటే ఏమిటో తెలిసి, ఒప్పుకున్న మనిషికే ఇవ్వాలి. అప్పుడు కూడా ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్‌లు, టానిక్‌లు తాగకూడదు.

మిగతావి గబగబా చెప్తాను. ఈ మాత్రలకే అలవాటు పడిపోతారన్నది అబద్ధం. లివర్ పోతుందని భయపడేవాళ్లకు ముందే ఎల్ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) చేయిస్తాం, మధ్యలోనూ చూస్తాం. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్ర ఆపి వెంటనే రండి. నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్లు ఒళ్లు నొప్పులకు షాపులో ట్రమడాల్ కొనుక్కోవద్దు, ఆపరేషన్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. తాగుడు మానడానికే ఇచ్చే మరో మాత్ర అకాంప్రోసేట్‌తో విరేచనాలైతే నీళ్లు, మజ్జిగ బాగా తాగండి, ఎక్కువమందిలో అవీ తగ్గుతాయి. కిడ్నీ జబ్బుంటే మాత్రం ముందే చెప్పండి.

నాల్‌ట్రెక్సోన్ వాడుతూ మధ్యలో ఒక రోజు తాగినా మాత్ర ఆపొద్దు, సిగ్గుపడి ఓపీకి రావడం మానొద్దు. ఎప్పుడు వేసుకున్నారో, ఏం తిన్నారో, ఎప్పుడు తిప్పిందో ఒక చీటీ మీద రాసుకుని రండి. డోసు, టైమ్ మార్చి చూద్దాం. అంతవరకు ఆగలేకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు.