"ఈ కాలం పోరగాళ్లతోని వేగలేం": మేనేజర్ల అపోహలు, వాస్తవాలు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల షోరూముల్లో, ఆసుపత్రుల్లో, మిల్లుల్లో పదిమంది చేత పని చేయించేవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. టీ గ్లాసు చేతికి వచ్చేలోపే ఒక మాట వినిపిస్తుంది: "సార్, ఈ కాలం పోరగాళ్లతోని వేగుడు నాతోని అయితలేదు."

అపోహ: పుట్టిన ఏడాదిని బట్టి పనితీరు చెప్పొచ్చు.

వాస్తవం: బూమర్, మిలీనియల్, జెన్ జీ, ఇవన్నీ పుట్టిన ఏళ్లను బట్టి తరాలకు పెట్టిన అమెరికా పేర్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1946 నుంచి 1964 దాకా అక్కడ జననాలు బాగా పెరిగాయి కాబట్టి ఆ పిల్లలు బూమర్లయ్యారు. 1962లో జనగామలో పుట్టిన మనిషికి దాంతో ఏం పని? ఈ పేర్లతో ఉద్యోగులను విడదీసి చూడొద్దని 2020లో అమెరికా జాతీయ అకాడమీల నివేదికే చెప్పింది. 23 ఏళ్ల కుర్రాడు ఉద్యోగం మారాలని చూస్తే అది ఆ వయసు గుణం. అదే వయసులో మీరు దుబాయి పోదామనుకోలేదా?

ఒక బట్టల దుకాణంలో కొత్త కుర్రాడు సరిగ్గా ఆరింటికి లేచి వెళ్లిపోయేవాడు. "పెద్దోళ్లంటే లెక్కలేదు" అని పాత మేనేజర్ మండిపడ్డాడు. సాయంత్రం లెక్క చూశాకే వెళ్లాలని చెప్పారా అని అడిగాను. "అది గూడ చెప్పాల్నా సార్? మేం చూసి నేర్చుకోలే?" అన్నాడు. కుర్రాడిని అడిగితే, పరకాల బస్సు పోతే మళ్లీ గంట నిలబడాలన్నాడు. ఇందులో తరాల గొడవ ఎక్కడుంది? నోటితో చెప్పని నియమం ఒకటి, బస్సు టైము ఒకటి.

అపోహ: పెద్దవయసు వాళ్లకు కొత్త పద్ధతులు ఎక్కవు.

వాస్తవం: ఫోన్‌తో డబ్బు పంపే యూపీఐ వచ్చింది 2016లో. ఏనుమాముల మార్కెట్‌లో అరవై దాటిన అడ్తిదారు ఫోన్ చూసుకుంటుంటే ఈ మాట అనండి చూద్దాం. అవసరం తెలిసి, పక్కన ఓపికగా చూపించేవాళ్లుంటే ఎవరైనా నేర్చుకుంటారు.

అపోహ: పైనున్నవాడికి అలసట ఉండకూడదు. ఉన్నా రెండ్రోజులు తిరుపతి పోయొస్తే పోతుంది.

వాస్తవం: నా లెక్కలో అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. పనితో పూర్తిగా అలసిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రోగం అనలేదు. చాలాకాలం తగ్గకుండా ఉన్న పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తీ వెటకారమూ పెరగడం, చేతనైన పని కూడా సరిగ్గా సాగకపోవడం. ఆ రెండో గుర్తును గమనించండి. "ఈ పోరగాళ్లు" అనే చిరాకు వెనక చాలాసార్లు కనిపించేది అదే. అందుకే నేను తరాల పాఠం పక్కనపెట్టి ఒకటే అడుగుతాను: మూడేళ్ల కింద కూడా వీళ్ల మీద ఇంతే కోపం వచ్చేదా? చాలామంది ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

పని కారణమైనప్పుడు యాత్రతో తీరదు. తిరిగొచ్చేసరికి టేబుల్ మీద అదే కుప్ప ఉంటుంది. ఒక నిర్ణయం కిందివాళ్లకు వదిలేయాలి, రాత్రి ఫోన్‌కు ఒక హద్దు పెట్టాలి. నిద్ర పట్టక, టెన్షన్ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే.

ఆ దుకాణంలో ఇప్పుడు సాయంత్రం లెక్క ఐదున్నరకే మొదలవుతోంది, కుర్రాడికి బస్సు అందుతోంది. మేనేజర్‌ను మాత్రం వారానికో రోజు సెలవు తీసుకోమంటే, "నేను లేకుంటే ఎవరు చూస్తరు సార్?" అంటున్నాడు.