నోరు ఎంతవరకు కట్టుకోవాలి

సువర్ణరేఖ మామిడిపండు గురించి మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, బుగ్గ మీద ఎర్రగా ఉంటుంది, మిగతాదంతా పసుపు, గుమ్మంలో గంప దించితే వంటింట్లోకి వాసన వచ్చేస్తుంది. మొన్న వేసవిలో మా అమ్మ అలాంటి పండొకటి చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసి మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. "నాకేటొద్దు, మీరు తినీండి" అంది. అమ్మకి 76 ఏళ్ళు, పన్నెండేళ్ళ నుంచి షుగర్. అప్పుడే ఆవిడ చేతి గాజులు చూశాను, చెయ్యి కిందకి దించితే మణికట్టు మీదకి వచ్చి పడ్డాయి, పైకెత్తితే మోచేతి దాకా జారిపోయాయి. ఆ గాజులు ఒకప్పుడు సబ్బు రాస్తే గానీ ఎక్కేవి కావు.

ఏడాదిలో 58 కిలోల నుంచి 52కి వచ్చేసింది. ఇంట్లో అందరం "బాగా కంట్రోల్‌లో ఉంది" అని సంతోషపడుతున్నాం కూడా. మామిడి, అరటి ఎప్పుడో మానేసింది, తర్వాత ఎవరో చెప్పారని గుడ్డు మానేసింది, ఫోన్లో ఏదో వీడియో చూసి కొబ్బరి మానేసింది, వాతమని వంకాయ, తర్వాత చేపలు, ఆఖరికి కాఫీ. గట్టిగా అడిగితే "అన్నీ ఒగ్గీసినాను గదా, ఇంకా ఏటి మానీమంటారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన పాత పత్యానికి ఒక గడువు ఉండేది, జ్వరం తగ్గాక ఇన్ని రోజులు, పురుడయ్యాక ఇన్ని రోజులు, ఆ తర్వాత అన్నీ తినొచ్చు. షుగర్ పత్యానికి అలాంటి గడువు లేదు, అందుకే ఏడాదికొకటి చొప్పున చేరుతూ పోతుందే తప్ప ఒక్కటీ తగ్గదు.

ఆరు నెలల నుంచి ఏడాది లోపు, కావాలని తగ్గకుండానే బరువులో నూటికి 5 వంతులు తగ్గిపోతే పెద్దవాళ్ళలో దాన్ని డాక్టర్లు సీరియస్‌గా తీసుకుంటారు, అమ్మకి పది వంతులు పోయింది. పోయేది కొవ్వొక్కటే అయితే బాధ లేదు, కండ కూడా పోతుంది. ముప్ఫై దాటాక ఎవరికైనా పదేళ్ళకోసారి 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. పైగా తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరని ఎక్కువగా లాక్కుని దాచుకునేది ఈ కండే, అంటే షుగర్ భయంతో తిండి మానేసి కండ పోగొట్టుకుంటే ఆ షుగర్‌ని పట్టుకునే గాదెనే కూలగొట్టుకున్నట్టు.

ఆ తర్వాత నెలలో ఒక రాత్రి మూడు గంటలప్పుడు అమ్మ ఏదో గొణుగుతోందని లేచి చూస్తే జాకెట్టు మొత్తం చెమటకి తడిసిపోయింది, చేతులు చల్లగా ఉన్నాయి, ఎప్పుడో పెళ్ళై వెళ్ళిపోయిన చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తోంది. మీటర్ పెట్టి చూస్తే 54. మింగగలిగే తెలివిలో ఉంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 80 దాటింది, మనిషి మనిషైంది. స్పృహ లేనివాళ్ళకి మాత్రం నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

70 కన్నా తగ్గితే లో షుగర్. పెద్దవాళ్ళలో ఇది ఎందుకు ఎక్కువ ప్రమాదమంటే, కుర్రాళ్ళకి వచ్చినట్టు వణుకు, గుండెదడ ముందుగా వచ్చి హెచ్చరించకపోవచ్చు, కొన్ని బీపీ మాత్రలు ఆ వణుకునీ దడనీ కనపడనివ్వవు, నేరుగా తికమక, తూలడం, బాత్రూం దారిలో పడిపోవడం. షుగర్ బిళ్ళల్లో కొన్ని, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, మనం తిన్నామా లేదా అని చూడవు, ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటాయి, వయసుతో కిడ్నీ పని నెమ్మదించినవాళ్ళలో మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలిచిపోతుంది. అమ్మ తిండి సగానికి తగ్గించింది, బిళ్ళ మాత్రం పాతదే, పాత డోసే. ఆ రాత్రి జరిగింది షుగర్ జబ్బు వల్ల కాదు, భయం వల్ల.

షుగర్ ఎంత తక్కువుంటే అంత మంచిదని నేనూ చాలా కాలం అనుకున్నాను, డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే ఆశపడ్డారు, దాన్ని తేల్చడానికే అమెరికా, కెనడాల్లో అకార్డ్ అనే పెద్ద పరిశోధన చేశారు. 10,251 మంది షుగర్ పేషెంట్లు, సగటు వయసు 62. సగం మందికి మూడు నెలల యావరేజ్ షుగర్ (అదే హెచ్‌బీఏవన్‌సీ) 6 శాతం లోపుకి దించాలని గట్టిగా మందులిచ్చారు, మిగతా సగానికి 7 నుంచి 7.9 మధ్య ఉంటే చాలన్నారు. 2008లో ఆ గట్టి వైద్యాన్ని మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది, ఎందుకంటే గట్టిగా దించినవాళ్ళలో 257 మంది చనిపోతే రెండో గుంపులో 203 మంది. ఇప్పుడు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 7 నుంచి 7.5 లోపు, మూడు, అంతకన్నా ఎక్కువ జబ్బులు కలిసి ఉన్నవాళ్ళకి 8 లోపు చాలంటోంది, బాగా నీరసించిపోయినవాళ్ళ దగ్గర ఆ అంకె వెంట పడొద్దు, లో షుగర్ రాకుండా చూడండి చాలు అంటోంది. షుగర్‌ని గట్టిగా దించినందువల్ల కంటికీ కిడ్నీకీ వచ్చే లాభం చేతికందడానికి ఏళ్ళు పడుతుంది, లో షుగర్ నష్టం ఈ రాత్రికే రావచ్చు. నలభై ఏళ్ళవాడికి ఆ బేరం గిట్టుబాటు, ఎనభై ఏళ్ళ మనిషికి ఎందుకు కాదో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని అన్ని మందులూ సడలించుకోవచ్చని దయచేసి ఎవరూ అనుకోవద్దు. బీపీ సంగతి వేరు. 80 దాటిన 3,845 మంది మీద హైవెట్ అనే పరిశోధన చేసి, పై బీపీని 150కి దించితే చాలు, పక్షవాతం చావులు, గుండె ఫెయిల్యూర్ బాగా తగ్గాయని, మొత్తం చావులే 21 శాతం తగ్గాయని 2008లోనే చూపించారు. మా నాన్నకి 80, "ఈ వయసులో బిళ్ళలెందుకురా" అంటే నేను ఒప్పుకోను.

నాన్నది అమ్మకి తిరగబడ్డ కథ. మిషన్ కొన్నాక రోజుకి ఏడెనిమిదిసార్లు బీపీ చూసుకోవడం మొదలెట్టాడు, మెట్లెక్కి వచ్చి ఒకసారి, పేపర్ వాడితో మాట్లాడుతూ ఒకసారి, 160 వస్తే కంగారు, ఆ కంగారుకి 170. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపుకి కుర్చీ ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, మాట్లాడకుండా చూస్తేనే అది బీపీ, అరగంట ముందు కాఫీ తాగి ఉండకూడదు. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు వారం రోజులు మాత్రం పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి కాగితం మీద రాస్తున్నాడు, మిగతా రోజుల్లో మిషన్ బీరువాలో. బెంగ ఒంటిని ఎంత బాధ పెడుతుందో 2020లో ఇంగ్లాండ్‌లో చేసిన శాంసన్ పరిశోధనలో చక్కగా తెలిసింది. కొలెస్ట్రాల్ బిళ్ళలు (స్టాటిన్‌లు) వేసుకుంటే ఒళ్ళు నొప్పుల్లాంటి బాధలొచ్చాయని మానేసిన 60 మందికి, ఏ నెల ఏదో చెప్పకుండా కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ళ, కొన్ని నెలలు ఏదీ ఇవ్వకుండా చూస్తే, మందుతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ వచ్చింది. వాళ్ళు అబద్ధమాడలేదు, నొప్పులు నిజంగానే వచ్చాయి, కానీ చాలా మటుకు తెచ్చింది మందు కాదు.

మళ్ళీ మామిడిపండు దగ్గరికొస్తాను. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు, 100 గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 15. మనం పళ్ళెంలో అన్నం రెండోసారి పెట్టించుకునేటప్పుడు ఏమీ అనుకోం, మామిడి చెక్క చూస్తే మాత్రం పాముని చూసినట్టు చూస్తాం. ఒక చెక్క తిన్నరోజు ఒక పెద్ద పిడికెడు అన్నం తగ్గిస్తే లెక్క దాదాపు సరిపోతుంది. రసం తీసి గ్లాసుతో తాగడం వేరు, అందులో పీచు చిరిగిపోయి గబగబా రక్తంలోకి పోతుంది, పైగా గ్లాసుకి ఎన్ని పళ్ళు పట్టాయో కూడా తెలీదు. పండు ముక్కని ఖాళీ కడుపుతో కాకుండా కూర, పప్పు తిన్నాక తినాలి, తిన్న తర్వాత పదిహేను నిమిషాలు వీధిలో అటూ ఇటూ నడవాలి, ఎందుకంటే కదులుతున్న కండ ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరని లోపలికి లాక్కోగలదు. సంక్రాంతి అరిసెకీ ఇదే లెక్క, సగం ముక్క, అన్నంతో బేరం. బెల్లం కదా ఏం కాదు అనుకోవడం మాత్రం తప్పు, బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే.

నోటి రుచి గురించి ఇంకొక్క మాట. కూరలో ఉప్పు లేదని పెద్దవాళ్ళు విసుక్కుంటే మనం చాదస్తం అనుకుంటాం, కానీ రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం నిజానికి వాసన, 80 దాటినవాళ్ళలో సగం మందికి పైగా ముక్కు మందగించి ఉంటుంది, మెట్‌ఫార్మిన్ లాంటి కొన్ని మందులు నోట్లో ఇనుము రుచి పెడతాయి. వాళ్ళు అడిగేది ఉప్పు, వాళ్ళకి తక్కువైంది వాసన. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది, అంటే ఒక టీ చెంచాకి కాస్త తక్కువ, ఒక ఎండు చేప, రెండు అప్పడాలు, ఇంత ఆవకాయ వేసుకుంటే అక్కడికే చాలా వరకు అయిపోతుంది. మా ఇంట్లో ఉప్పు తగ్గించి పోపులో ఇంగువ, కరివేపాకు రెట్టింపు చేశాం, పనసపొట్టు కూరలో ఆవ కొంచెం ఎక్కువ పెట్టాం, చారులో దించేముందు నిమ్మరసం. అమ్మ రెండోసారి అడిగింది, చాలా రోజుల తర్వాత.

అయితే ఇదంతా అందరికీ ఒకేలా వర్తించదు. మా పెదనాన్నగారి అబ్బాయి కవిటి వైపు ఉంటాడు, వాళ్ళది కొబ్బరితోట. ఉద్దానంలో ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాల్ని తినేసిందో మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు, అన్నయ్యకీ వచ్చింది, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒక్క కొబ్బరిబొండంలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, మంచి కిడ్నీ దాన్ని తేలిగ్గా తోసేస్తుంది, పాడైన కిడ్నీ తోయలేదు, రక్తంలో పొటాషియం పేరుకుంటే పెద్దగా హెచ్చరిక లేకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఎండలో ఎవరికైనా అమృతం లాంటిది అన్నయ్యకి విషం. బీపీకి మంచిదని కొట్లలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కూడా కొంత సోడియం తీసి పొటాషియమే కలుపుతారు, చైనాలో 20,995 మంది మీద చూస్తే ఆ ఉప్పు వల్ల పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది, నిజమే, కానీ అందులో కిడ్నీ బాగా పాడైనవాళ్ళని చేర్చుకోలేదు. ఉద్దానం ఇంట్లో క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) చేయించకుండా ఆ ప్యాకెట్ కొనొద్దు, ఒళ్ళు నొప్పులకి కొట్లో అడిగి నొప్పి బిళ్ళలు వేసుకోవడం అసలే వద్దు.

అన్నయ్య ఇంటికి వెళ్తే ఇప్పటికీ తనే కత్తి పట్టుకుని బొండం కొట్టి ఇస్తాడు. మనం తాగుతుంటే చూస్తూ, నిమ్మరసం కలిపి గడ్డ కట్టించిన ఒక చిన్న ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుంటాడు, రోజుకి తాగాల్సిన నీళ్ళకి కొలత ఉంది కాబట్టి దాహానికి అదే. డయాలసిస్ మొదలవకముందు పప్పు, గుడ్డు తగ్గించమన్నారు, మొదలయ్యాక రక్తం శుద్ధి చేసేటప్పుడు ప్రోటీన్ కూడా పోతుంది కాబట్టి గుడ్లు తినమన్నారు, ఆ రోజు ఇంటికొచ్చి వదినతో గుడ్డట్టు వేయించుకుని తిన్నాడట. మనిషి అదే, జబ్బు అదే, రెండేళ్ళ తేడాలో పత్యం తిరగబడింది. పక్కింటివాళ్ళ పత్యం మనం చేస్తే ఎందుకు కుదరదో నాకు అక్కడే అర్థమైంది.

ఏ రకంగానూ బేరం కుదరని సరదా ఒకటుంది, చుట్ట. అందులోనూ మన తీరం వెంబడి ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. 1971లో అచ్చైన ఒక పరిశోధనలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లబడి, గరుకై, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. మా మామ్మ అంగిలి మీద పుండు పడింది, నొప్పి లేదని చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అలవాటున్న ముసలమ్మ ఉంటే ఈ రోజే నోరు తెరిపించి టార్చి వేసి చూడండి, తెల్ల మచ్చగానీ మానని పుండుగానీ ఉంటే వెంటనే చూపించండి. ఈ వయసులో మానెయ్యమంటే పాపం అనిపిస్తుంది, అయినా మానిపించాలి.

మానక్కర్లేని సరదాకి నాన్నే సాక్ష్యం. రోజూ సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచి వెళ్ళి, నలుగురు రిటైరైన స్నేహితులతో చక్కెర తక్కువ వేసిన టీ తాగి వస్తాడు. 148 పరిశోధనలు, మూడు లక్షలకి పైగా మనుషుల్ని కలిపి 2010లో లెక్క వేస్తే నలుగురితో సంబంధాలు బాగా ఉన్నవాళ్ళు బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువని వచ్చింది. బీపీ కంగారులో ఆయన రెండు నెలలు ఆ నడక మానేశాడు, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆ లో షుగర్ తర్వాత డాక్టరుగారు అమ్మ బిళ్ళ మార్చారు, మూడు నెలల యావరేజ్ 8 లోపుంటే చాలన్నారు, రోజూ ఒక గుడ్డు, వారానికి రెండుసార్లు చేప, పొద్దున్న చోడంబలి (రాగి అంబలి) గ్లాసుడు మజ్జిగతో తాగమన్నారు. బరువు 54 దాటింది. సీజన్ ఆఖరి వారంలో మధ్యాహ్నం అన్నం తగ్గించి పెట్టుకుని, ఒక చెక్క తిని, "టెంక నాకుంచీండి" అంది. చేతులు మోచేతుల దాకా పసుపు చేసుకుని, కళ్ళు మూసుకుని, టెంక తెల్లబడేదాకా చీకింది. తర్వాత వరండాలో పదిహేను నిమిషాలు నడిచింది. రెండు గంటలయ్యాక తనే వేలు చాపి చూడమంది, 172. "ఇంతేనా" అని గాజులు పైకి తోసుకుని, పళ్ళమ్మి రేపు కూడా వస్తాదేమో కనుక్కోమంది.